దారం కట్టిన లైను

చైనా అయినా ఏమైనా నాకు దీని బరువే తెలుసు, చదవడం తెలీదు, జానెడు పొడవు సీసపు అక్షరాల లైను, ఊడిపోకుండా చుట్టూ దారం, అరబ్బు దేశంలో రువీ అనే ఊళ్లో సర్కారు పత్రిక అచ్చయ్యే ఈ ప్రెస్సులో నా డ్యూటీ ఇదే, పనైపోయిన లైన్లు విప్పి, కిరసనాయిలుతో కడిగి, అరబ్బీ అక్షరాలను ఆకారం చూసి ఏ అరవి ఆ అరలో వేయడం, అచ్చుపని చేస్తాను గానీ అచ్చులూ హల్లులూ నా చేతికి రావు, వంకరలూ చుక్కలే వస్తాయి, ఈ ఒక్క లైను మాత్రం ఆరేళ్లుగా విప్పలేదు, కొండల్లో తిరుగుబాటుదార్లకు తుపాకులిచ్చే చైనా అని దీని అర్థమట, రోజూ తిట్టే తిట్టును రోజూ పేర్చడమెందుకని ముడేసి అలమారలో పెట్టారు, మొదట్లో రోజూ అడిగేవారు, తర్వాత వారానికోసారి, తర్వాత అడగడమే మానేశారు, ఇవాళ పొద్దున ఫోర్‌మన్ ఎహసాన్ సాబ్ వచ్చి, ఇస్తారీ, అని నన్ను పిలిచి, వో చైనా వాలా లైన్ ఖోల్ దే, అబ్ దోస్తీ హో గయీ, అన్నాడు, మొన్నటిదాంక దుష్మన్ గద సాబ్ అంటే, అఖ్‌బార్ మే సిర్ఫ్ ఆజ్ హోతా హై, అని నవ్వాడు, పత్రికకు ఇవాళే ఉంటుందట, నిన్న ఉండదట, సరే విప్పాను, ఇవే అక్షరాలు ఇంకో గంటలో మిత్రదేశమని నిలబడతాయి, అక్షరానికేం సిగ్గు, తెలుగులో మాత్రం శత్రువులోనూ మిత్రుడిలోనూ త్రు ఒకటే కాదూ, ఈ మాట చెబితే నవ్వేవాడు ఒక్కడే, ఖమరుద్దీన్, ఆ మిత్రదేశాన్ని పేరుస్తున్నదీ వాడే, నాలుగడుగుల దూరంలో, నాకు వీపు పెట్టి, వాడికివాళ ఆఖరి డ్యూటీ, రెండింటికి కంపెనీ బండి వస్తుంది, హైదరాబాద్ పోతే ఇక రాడు, ఒకే రూమ్, పక్కపక్క మంచాలు, ఐదు నెలలుగా మాటల్లేవు.

పోతే పోనీ, ఆ రోజు రూమ్‌లో పదిమంది ముందు ఏమన్నాడు, గధే పో కితాబాఁ లాదే తో గధా మౌల్వీ హోతా క్యా అన్నాడు, పుస్తకాలు మోసినంత మాత్రాన గాడిద మౌల్వీ అవుతుందా అని, చదవలేని పత్రికను మోసే నన్ను, అందరూ నవ్వారు, మా జగిత్యాల మల్లేశం కూడా, చిగుళ్లు కనబడేట్టు, ఆ మాటకు నేనూ దారం కట్టేశాను, నీళ్లు పోసుకుంటుంటే గాడిద, అన్నం కలుపుతుంటే గాడిద, అందరి మీదా మాటలు విసిరే ఇస్తారిని వీడంటాడా, ముందు తప్పయిందననీ, అప్పుడు చూద్దాం, కిరసనాయిలుకు వేలి పగుళ్లు మండుతున్నాయి, చైనా అన్నదా తప్పయిందని, వీళ్లన్నారా, రేపటి పత్రికలో ఒక్క లైనైనా ఉంటుందా, ఉండదు, పాత పత్రికల్లోనూ అంతే, అవతలివాడు ఏం చేశాడో ఇంతేసి అక్షరాల్లో ఉండేది, మనమేమన్నామో

మనమేమన్నాం, ఆగు, గాడిద కంటే ముందు ఏముంది, వాడు మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు, ఊళ్లో ఉన్న వాడి భార్య సర్వరీ బేగం దగ్గర్నుంచి మూడు నెలలుగా ఉత్తరం లేదు, పళ్లెంలో అన్నం అలాగే ఉంది, నేనే, పదిమందికీ వినబడేట్టు నేనే, ఉత్తరం రాకుంటే దక్షిణం దిక్కు సూడు భాయ్, బేగం ఇంకెవలకన్న రాస్తున్నదేమో, అన్నాను, మల్లేశం చిగుళ్లు బయటపడింది ఆ మాటకే, గాడిదకు కాదు, గాడిద మాటకు ఎవరూ అంతగా నవ్వలేదు, ఐదు నెలలుగా నా పత్రికలో రోజూ వాడి లైనే వేసుకున్నాను, నా లైను పేర్చనే లేదు, సాద్ కమ్ హై, అంటున్నాడు ఖమరుద్దీన్, నాతో కాదు, గాలితో, సాద్ అనే అక్షరం తక్కువైందట, నా ముందే ఉంది, బొద్దుగా, చైనా లోంచి ఇప్పుడే విప్పింది, తీసుకెళ్లి వాడి అరచేతిలో పెట్టాను, వాడు తలెత్తకుండానే దాన్ని లైనులో నిలబెట్టాడు, పత్రికలకు నిన్న లేకపోవచ్చు, నాకుంది, ఆ నిన్నలో ముందు మాట నాది, కాబట్టి ఇవాళా ముందు మాట నాదే, ఖమర్ భాయ్, ఆ దినం బేగం మాట నేననొద్దుండె.