కాటా మీద చిన్న పాదం

పొద్దున్నే తాళం తీసి, కిటికీ రెక్కలు తెరిచాక కాటా అక్క చేసే మొదటి పని తనే కాటా ఎక్కడం. పలక శుభ్రంగా తుడుస్తుంది, చెప్పులు విప్పి ఎక్కుతుంది, ముల్లు నిన్నటి చోటే ఆగిందో లేదో చూస్తుంది. ఆగితే సరే. ఆగకపోతే కింద మర తిప్పి, నాలుగు తిట్లు తిట్టి దారికి తెస్తుంది. కొత్తలో అందరూ ఆమెను కాటా దగ్గరి అక్క అనేవాళ్ళు. మధ్యలో మాట ఎవరో బద్ధకస్తులు మింగేశారు.

ఆ ఆసుపత్రిలో ఒక పరిశోధన నడుస్తోంది. కడుపుతో ఉన్నవాళ్ళు ఏం తింటున్నారు, నెలనెలా ఎంత బరువు పెరుగుతున్నారు, ఒక కాన్పుకీ మరో కాన్పుకీ మధ్య ఒంటికి ఎంత తెరిపి దొరికితే తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడతారు అన్నది తేల్చాలని పెద్ద డాక్టరమ్మ పట్టుబట్టి మొదలుపెట్టింది. మనిషి ఎత్తును బట్టి కాటా అద్దం మీద ఒక చోట ఎర్ర కాగితం ముక్క అంటిస్తారు. ముల్లు దాన్ని దాటితే మళ్ళీ బిడ్డను మోయడానికి ఒళ్ళు సిద్ధమైనట్టు. దాటకపోతే పక్క గదిలో నర్సు ఉంది. అప్పటిదాకా కడుపు రాకుండా మాత్రలా, సూదా, కాపర్-టినా, ఎవరికి ఏది నప్పుతుందో విసుక్కోకుండా చెబుతుంది.

కాటా గదిలోకి వచ్చే ఆడవాళ్ళతో పాటు ఇంకా కడుపున పడని వాళ్ళ పిల్లలు కూడా వస్తారు. గుమ్మం బయట కనబడరు. లోపల అడుగు పెట్టేసరికి అయిదారేళ్ళ పిల్లల్లా తల్లి వేలు పట్టుకుని ఉంటారు. తూకం అయ్యాక తల్లి గుమ్మం దాటితే ఇక ఉండరు. పిల్లలన్నాక కుదురుగా నిలబడతారా? అందుకే గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు, రాబోయే పిల్లలు పలక మీద కాలు పెట్టరాదని. చదువురాని వాళ్ళ కోసం కాటా అక్క నోటితో కూడా చెబుతుంది. కాలు తీయమ్మా, కాలు తీయి నాన్నా అని రోజంతా అదే పాట.

కొందరి వెంట ఇద్దరొస్తారు. కొందరి వెంట ఎవరూ రారు. రానివాళ్ళ వైపు అదోలా చూడకపోవడం ఆ గది మర్యాద. కాటా అక్క వెంట కూడా ఎవరూ లేరు. చేరిన కొత్తలో పొద్దున కాటా ఎక్కినప్పుడల్లా ఓరకంట పక్కకు చూసుకునేది. తర్వాత మానేసింది. బాధ పోయిందని కాదు, చూసే ఓపిక పోయింది.

ఆ గదికి నెలనెలా వచ్చేవాళ్ళలో టైలరమ్మ ఒకతి. బస్టాపు పక్కన ఇరుకు కొట్లో మిషను కుడుతుంది. చేతిలో పనుంటే ఆకలి గుర్తుండదు, పని ఎప్పుడూ ఉంటుంది. ఇంట్లో అందరి కంచాలూ అయ్యాక, గిన్నె అడుగున మిగిలినదే ఆమె భోజనం. తొలి కాన్పు ముందు ఆమెను చూసి ముల్లు కదలడానికే మొహమాటపడేది. ఆ కాన్పులో రక్తం ఆగక పెద్ద డాక్టరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. కొడుకు పుట్టాడు, గుప్పెడంత. ఈ ఒంటితో మళ్ళీ కడుపొస్తే ఈసారి నిన్ను దక్కించుకోవడం నా వల్ల కాదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. కాపర్-టి వేయించింది. ఎర్ర గుర్తు దాటాకే తీసేది అని కూడా చెప్పింది.

ఆమె భర్త బస్సు కండక్టరు. చెడ్డవాడేం కాదు. అసలు చిక్కంతా అతను మంచివాడు కావడంతోనే వచ్చింది. ఒకసారి భార్యకు తోడుగా కాటా గదిలోకి వచ్చి, ఆమె వేలు పట్టుకుని నిలబడ్డ పిల్లను చూశాడు. ముందు పన్ను ఊడిపోయింది, జుట్టు విరబోసుకుంది, ముక్కు అచ్చం తన ముక్కే. అంతే, మనిషి ఆ పిల్ల మాయలో పడిపోయాడు. ఆ తర్వాత ఏ నెలా తూకం రోజున డ్యూటీ వేయించుకోలేదు. వచ్చినప్పుడల్లా ఒక టికెట్టు చింపి ఆ పిల్ల చేతిలో పెట్టేవాడు. పిల్ల దాన్ని గుప్పిట్లో దాచుకునేది. టైలరమ్మ గుమ్మం దాటగానే టికెట్టు గాల్లోంచి గడప మీద పడేది. అతను వంగి తీసుకుని జేబులో పెట్టుకునేవాడు. పాప ఎన్నాళ్ళని అలా నిలబడి ఉంటుందే అని రోజూ అడిగేవాడు. టైలరమ్మ మాట మార్చేది. ఇంకోపక్క తన బట్టలకు తనే కుట్లు లోపలికి వేసుకుంటూ పోతోంది. ఒళ్ళు తగ్గుతోందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కొడుకు పాకుతున్న రోజుల్లో ఒక నెల కాటా ఎక్కింది. ముల్లు లేచింది, ఊగింది, ఎర్ర గుర్తు దాటి నిలబడింది.

కండక్టరు మొహం వెలిగిపోయింది. పక్క గదికి పోదాం పదమన్నాడు, కాపర్-టి ఇవాళే తీయించేద్దామన్నాడు. కాటా అక్కకు కూడా సంతోషమే. కానీ తూకం తర్వాత జబ్బ కొలవడం ఆ గది పద్ధతి. టేపు చుట్టి చూస్తే కిందటి నెల కన్నా లోపలికి వచ్చింది. కాటా ముందుకు నడిచింది, టేపు వెనక్కి నడిచింది. కాటా అక్క మళ్ళీ చుట్టింది. మళ్ళీ అంతే.

అప్పుడు ఆమెకు తట్టింది. ఈ పిల్ల బుద్ధిమంతురాలు, ఎప్పుడూ చెప్పించుకోదు. ఆ ధీమాతో ఇవాళ కాలు తీయమ్మా అనలేదు. పిల్ల చెయ్యి తండ్రి చేతిలో ఉంది కదా అని కిందికి చూడనే లేదు. టైలరమ్మ ఇంకా పలక మీదే ఉంది. తూకం కోసం తొడిగిన ఆసుపత్రి గౌను అంచు ఆమె పాదాల దాకా వేలాడుతోంది. కాటా అక్క వంగి అంచు ఎత్తబోయింది. టైలరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దక్కా. నాకు తెలుసు."

గదిలో అందరూ ఆమె వైపు చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు.

"ఎక్కగానే తెలిసింది. నా కాలు మీద వెచ్చగా చిన్న కాలు పెట్టింది. ఎలా తోసెయ్యను చెప్పు."

కండక్టరు చేతిలో టికెట్ల కట్ట అలాగే ఉండిపోయింది. పిల్ల తల వంచుకుంది. దొంగతనం బయటపడ్డ పిల్లలు నేలను ఎలా చూస్తారో అలాగే చూస్తోంది. టైలరమ్మ పలక మీంచి దిగకుండానే మెల్లగా కూర్చుంది. పిల్ల మొహం ఆమె మొహానికి ఎదురుగా వచ్చింది. నెలనెలా వస్తున్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"తీసెయ్ తల్లీ."

"తీస్తే నన్ను రానివ్వరు."

"రానిస్తాను. కానీ ఇప్పుడొస్తే నేను ఉండనమ్మా."

పిల్ల విరబోసుకున్న జుట్టు చేత్తో వెనక్కి తోసుకుంది.

"నువ్వు లేకపోతే నాకు జడెవరేస్తారు?"

పిల్ల తన తండ్రిని చూసింది, గోడ మీద రాసినదాన్ని చూసింది, తల్లి పాదాన్ని చూసింది. తర్వాత కాలు తీసింది.

ముల్లు వెనక్కి జారింది. ఆగుతుందనుకున్న చోట ఆగలేదు. ఎర్ర గుర్తు దాటి, కిందటి నెల అంకె దాటి, ఇంకా కిందికి పోయి అక్కడ వణుకుతూ నిలబడింది. ఇంకా పుట్టని పిల్ల పాదానికి అంత బరువుందా అని కాటా అక్క ఖాళీ అయిన చోటును మళ్ళీ చూసింది. పక్క గదిలోంచి వచ్చిన పెద్ద డాక్టరమ్మ గుమ్మంలోనే ఆగి, కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. కండక్టరు ఆ ముల్లు వంక చూస్తూ చూస్తూ గోడకు ఆనుకున్నాడు. ఇన్నాళ్ళూ తను ఆ పిల్లనే చూశాడు గానీ, ఆ పిల్లకు వేలు అందించిన మనిషిని చూడలేదని అతనికి అప్పుడు తెలిసింది. ఏడ్చాడు, దాచుకోకుండానే.

ఆ రోజు కాపర్-టి తీయలేదు. టైలరమ్మ గుమ్మం దాటింది. అందరూ గడప వైపు చూశారు గానీ టికెట్టు పడలేదు. వెనక్కి తిరిగితే పిల్ల గదిలోనే ఉంది. బల్ల ఎక్కి, గోడకు చేరగిలబడి, కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. అలా ఉండిపోయిన పిల్ల అంతకు ముందు ఎవరూ లేరు.

"నేనిక్కడే ఉంటా," అంది.

కాటా అక్క సరేనంది. బల్ల మీద దుమ్ము తుడిచి, మెత్తగా ఉంటుందని పాత దుప్పటి మడిచి వేసింది.

అప్పటి నుంచి కాటా అక్క పొద్దున్నే గది తెరిచేసరికి ఒక మనిషి ఎదురుచూస్తూ ఉండేది. తను కాటా ఎక్కితే అంకె సరిగ్గా ఉందో లేదో ఆ పిల్లే చూసి తలూపేది. కాటా అక్క పిల్లకు జడ వేసేది, సాయంత్రానికి అది విడిపోయేది, మర్నాడు మళ్ళీ వేసేది. మిగతా పిల్లలు పలక మీద కాలు పెడితే బల్ల మీంచే పెద్దదానిలా గదమాయించేది. ఇంటికెళ్ళేటప్పుడు కాటా అక్క కిటికీ కొంచెం తెరిచి ఉంచేది, వెలుతురు ఉంటుందని. తన జీవితంలో అంత నిండుగా ఉన్న రోజులు లేవని ఆమె తర్వాత చాలామందితో చెప్పింది.

బయట కండక్టరు వేరే మనిషి అయ్యాడు. బస్సు ఆ స్టాపులో ఆగినప్పుడల్లా తల బయటికి పెట్టి, క్యారేజీ ఖాళీ అయిందా అని కొట్లోకి కేకేసేవాడు. ప్రయాణికులు కూడా అలవాటుపడి, అయిందో లేదో చెప్పాకే బస్సు కదలనిచ్చేవాళ్ళు. టైలరమ్మకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. ఇంట్లో ఆమె కంచం ముందుగా పెట్టడం మొదలైంది. గుడ్డు, పాలు, పప్పు, రెండోసారి వడ్డింపు. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా టైలరమ్మ కాటా ఎక్కేది. బల్ల మీద పిల్ల రెండు కాళ్ళూ పైకి లాక్కుని, చేతులతో బిగించి పట్టుకుని, ముల్లు ఆగేదాకా ఊపిరి తీసేది కాదు. ముల్లు కొంచెం కొంచెంగా లేస్తూ వచ్చింది. టైలరమ్మ బట్టల కుట్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చింది.

కొడుకు బడికి వెళ్ళడం మొదలుపెట్టిన ఏడాది ముల్లు ఎర్ర గుర్తు దాటింది. కాటా అక్క వంగి చూసింది. పలక మీద రెండే పాదాలున్నాయి. టేపు కూడా ఒప్పుకుంది. టైలరమ్మ ఇప్పుడు నాకు భయం లేదక్కా అని, తనంతట తనే నడిచి పక్క గదిలోకి వెళ్ళింది.

తర్వాత ఒక పొద్దున కాటా అక్క తాళం తీసేసరికి బల్ల ఖాళీగా ఉంది. దుప్పటి మడత చెదరలేదు. దాని మీద పాత టికెట్టు ఒకటి ఉంది. ఆమె సంతోషించాలనుకుంది, సంతోషించింది కూడా, కానీ ఆ రోజంతా కాలు తీయమ్మా అన్నప్పుడల్లా ఖాళీ బల్ల వైపు చూసింది.

టైలరమ్మ నెలలు నిండేదాకా వచ్చింది. ప్రతిసారీ ముల్లు డాక్టరమ్మ కోరినంత లేచింది. ఆ బరువు పెరుగుతుంటే చూడటం కాటా అక్కకు సూర్యోదయం చూస్తున్నట్టు ఉండేది. కాన్పు రోజు రక్తం ఆగాల్సినప్పుడు ఆగింది. ఏడుపు వినబడగానే కాటా అక్క పసిపిల్లల కాటా పట్టుకుని పరుగున వెళ్ళింది.

పాపను గుడ్డ మీద పడుకోబెట్టింది. ఎర్రటి మొహం, తండ్రి ముక్కు. ఒక కాలు తొట్టి అంచు మీంచి బయటికి చాచి కాటా అక్క మణికట్టును తన్ని పట్టుకుంది. ముల్లు నిలవడం లేదు. అలవాటైన నోరు కదా, ఆమె మామూలుగానే అంది.

"కాలు తీయమ్మా."

పాప కాలు తీసి కడుపులోకి ముడుచుకుంది.

ముల్లు నిలబడింది. ఎంతో చెప్పమని పెద్ద డాక్టరమ్మ అడుగుతోంది. కాటా అక్క కళ్ళలో నీళ్ళు నిండి అంకె చదవలేకపోయింది. చివరికి టైలరమ్మే మంచం మీంచి తల ఎత్తి, కళ్ళు చిట్లించి చూసి, కూతురి బరువు తనే చదివి చెప్పింది.