అక్క పెంచిన వంశం

అక్కకి కోపం ముక్కు మీదే ఉండేది. ల్యాబులో తన గాజు పలకల జోలికి ఎవరైనా వెళితే ఇల్లు పీకి పందిరేసేది. అలాంటి మనిషి ఆసుపత్రికి వెళుతూ వాటిని నాకు అప్పజెప్పింది. నేనూ అదే ల్యాబులో, ఆమె పక్క బల్ల దగ్గరే పనిచేస్తాను.

ఆ పలకల మీది నీటిబొట్లలో ఉండేవి పారమీసియాలు. ఒళ్ళంతా కలిపి ఒకటే కణం. మైక్రోస్కోపులో చూస్తే చెప్పు అడుగులా ఉండి, గిరగిరా తిరుగుతూ ఈదుతుంది. ఒకటి నడిమికి విడిపోయి రెండవుతుంది. ఆ రెండిట్లో ఒకదాన్ని సన్నని గాజు గొట్టంతో పీల్చి, ఎండుగడ్డి కాచి చల్లార్చిన నీటిబొట్టులో వదలడం అక్క పని. మర్నాడు మళ్ళీ అదే. వేరే రకంతో జతకట్టనివ్వకుండా ఒక వంశాన్ని ఇలా విడిగా పెంచితే దానికి ముసలితనం ఎలా వస్తుందో చూడాలని ఆమె పట్టుదల. జతకడితే మళ్ళీ పడుచుదనం వస్తుంది, కానీ అప్పుడిక అది పాత వంశం కాదు.

"వీటికి చావు లేదనుకుంటారే అందరూ. ఒంటరిగా ఉంచితే ఇవీ పోతాయి," అనేది, అదేదో పెద్ద రహస్యమైనట్టు.

అక్క ఐసీయూలో పోయింది. అమ్మని లోపలికి రానివ్వలేదు. తలుపు బయట కుర్చీలో కూర్చునుండగానే అంతా అయిపోయింది. అమ్మ ఏడవలేదు. ఆ తర్వాత రోజూ నేను ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకముందే ఒకటే ప్రశ్న.

"అక్క పురుగులు బాగున్నాయా?"

"పురుగులు కావమ్మా."

"ఏవైతేనేం. తింటున్నాయా?"

"నీకంటే నయం. వేళకి తింటున్నాయి."

అది పచ్చి అబద్ధం. అవి విడిపోవడం మందగించింది. కొన్ని వంకరటింకరగా పుట్టి పోయాయి. చివరికి ఒక బొట్టులో ఒక్కటి మిగిలింది.

"ఏమీ కలపకు. చివరిదాకా చూడు. మీ అక్క కోరుకున్నదీ అదేగా," అన్నారు మా ల్యాబు పెద్దసారు.

నిజమే. అయినా ఆయన మీద నాకు ఒళ్ళు మండింది. అక్క చేతిమీదుగా పెరిగినవాటిలో ప్రాణంతో ఉన్నది అదొక్కటే. అదీ పోతే అక్క నాకు రెండోసారి పోయినట్టే. ఇక దాచలేక, అవి పోతున్నాయని అమ్మకి చెప్పేసి, మర్నాడు ల్యాబుకి తీసుకెళ్ళాను.

అమ్మ మైక్రోస్కోపు మీదికి వంగింది. "ఇదేమిటే, నల్లగా వెంట్రుకలు!"

"అవి నీ కనురెప్పల వెంట్రుకలేనమ్మా. కాస్త వెనక్కి జరుగు."

జరిగింది. ఊపిరి బిగబట్టి చూసింది.

"ఒక్కతే ఉందేమే?"

"ఒక్కటే మిగిలింది. ముసలిదైపోయింది."

"పక్కన ఎవరూ లేరా?"

"ఉండకూడదమ్మా. అక్క పెట్టిన నియమం."

"దాని నియమాలకేం, బోలెడు. ఎవరినైనా తోడు పెట్టవే. ఒక్కదాన్నే పోనివ్వకు."

పెద్దసారు మాట గాలికొదిలేసి, వేరే రకంలో పడుచుదాన్ని ఒకదాన్ని పట్టి ఆ బొట్టులో వదిలాను. ఏ మూలో నాకు ఆశ. జతకడితే, అక్కది కాకపోయినా, అక్కదాంట్లోంచి వచ్చిందేదో ఒకటి బతుకుతుంది కదా.

జతకట్టలేదు. కొత్తది వచ్చి తగిలింది, పక్కకి తిరిగింది, మళ్ళీ వచ్చింది. ముసలిది ఉన్నచోటే తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించింది. అమ్మ కన్ను తీయలేదు. కుర్చీ తెచ్చి వేస్తే చూడకుండానే కూర్చుంది.

చాలాసేపటికి, "కదలడం లేదే," అంది.

నేను చూశాను. దాని ఒళ్ళు విచ్చుకుని నీళ్ళలో కలిసిపోతోంది.

"పోయిందమ్మా."

"రెండోది పక్కనే ఉంది. నేను చూశాను."

అవునన్నాను. అమ్మ మళ్ళీ మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. భుజాలు కదులుతున్నాయి. అక్క పోయాక అమ్మ ఏడవడం అదే మొదలు.

"అక్కడ నన్నూ ఈ మాత్రం చూడనిస్తే," అంది తల ఎత్తకుండానే, "వాళ్ళ సొమ్మేం పోయేదే?"