పదిహేడో రోజు

పట్నంలో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే రావోన్ వీధిలో నాది నాలుగడుగుల కొట్టు. పాడైన ఆంప్లిఫయర్లు బాగుచేస్తాను, రెసిస్టర్లూ కెపాసిటర్లూ గుప్పెళ్ళ లెక్కన అమ్ముతాను. నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ణి. అయినా ఈ వీధిలో నాకు తెలియని చిప్పు లేదని ఇరవై ఏళ్ళు చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

బాతుగుడ్లకి పేరుపడ్డ ఊరు పతేరోస్‌లో సబాస్ అన్న బలూట్ చేసేవాడు. బాతుగుడ్డుని పదిహేడు రోజులు పొదిగించి ఉడకబెడితే బలూట్. ఇంకో మూణ్ణాలుగు రోజులు ఆలస్యమైతే లోపల ముక్కు గట్టిపడుతుంది, ఈకలొస్తాయి, తిన్నవాడు ఉమ్మేస్తాడు. సబాస్ అన్న వేయించిన వడ్లపొట్టు మధ్య గుడ్లసంచులు పేర్చేవాడు. గుడ్డు తీసి కంటిరెప్పకి ఆనించుకుని వేడి చూసేవాడు. రోజులు ఎక్కడా రాసుకోడు, అన్నీ మనసులోనే. కిందటేడు పక్షవాతం వచ్చి, ఏ రెప్పతో వేడి చూసేవాడో ఆ రెప్పనే మొద్దుబార్చింది. మంగళవారాన్ని ఆదివారం అనడం కూడా అప్పుడే మొదలైంది. లెక్క తప్పి రెండు విడతల గుడ్లు పాడయ్యాయి.

ఆ గుడ్ల షెడ్డు మీద ఆయన అల్లుడు ఎఫ్రెన్ కన్నుపడింది. అక్కడ మోటారుసైకిళ్ళు కడిగే చోటు పెడతానంటాడు. సబాస్ అన్న నన్ను పిలిపించాడు.

"ఒరే ప్రీమో, వేడి చూసుకుని, గుడ్లు తిప్పి, పదిహేడో రోజు బెల్లు కొట్టే యంత్రం చెయ్యగలవా? ఎనిమిదొందల గుడ్లు పెడతాను. ఇదొక్కటీ బాగా వస్తే చోలెంగ్ నన్ను వదలదు. ఇదీ పోతే షెడ్డు వాడికిచ్చేస్తాను."

చోలెంగ్ బజారులో అమ్ముకునే మనిషి. అన్నకి మిగిలిన బేరం ఆమె ఒక్కతే.

"అదెంత పని అన్నా" అన్నాను.

యంత్రానికి బుర్రలా పనిచేసే చిప్పు, మైక్రోకంట్రోలర్, కావాలి. బల్లమీద మూడు రకాలు పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి కొత్తగా వచ్చింది, గాలిలోంచి ఫోనుతో మాట్లాడుతుంది, ధరా తక్కువే. ఇంకోటి గోరంత, ఎనిమిది కాళ్ళది. మూడోది పాతకాలం నాటిది, ఇరవై ఎనిమిది కాళ్ళది. పక్క కొట్టు నెనిటా తొంగిచూసింది. ఆమె రెండేళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివింది. ఆ రెండేళ్ళ గురించి రోజూ వింటాను.

"ఏం ప్రీమో, కోడిపెట్టకి చిప్పు బిగిస్తున్నావట?"

"కోడి కాదు, బాతు."

"అయితే ఈత కూడా నేర్పించు." నవ్వి, చిప్పుల్ని వేలితో కదిపింది. "ఏదైనా పెట్టుకో. పక్కన గడియారం చిప్పు ఒకటి పెట్టు, బిళ్ళ బ్యాటరీ ఉంటుందే, అది. పతేరోస్‌లో కరెంటు సంగతి తెలుసుగా. కరెంటు పోతే రోజుల లెక్క ఎవడు గుర్తుంచుకుంటాడు?"

"ఈ ఇరవై ఎనిమిది కాళ్ళదే గుర్తుంచుకుంటుంది. దీని కాగితాల్లో రాసుంది."

"ఎక్కడ? చూపించు."

"నాకు చదవడం వచ్చులేవమ్మా."

చూపించలేదు, చేతిలో ఉన్న ఒక్క పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ చిప్పు కాగితాలు మొత్తం మూడొందల పైచిలుకు పేజీలు, అంతా ఇంగ్లీషు. నాకు తెలిసింది పేజీకి నాలుగు మాటలు. కానీ ఈ పేజీలో ఒక మాట దగ్గర కళ్ళు ఆగిపోయాయి: బ్రౌనౌట్. ఇరవై ఎనిమిది కాళ్ళ చిప్పులో బ్రౌనౌట్‌ని కనిపెట్టే ఏర్పాటు ఉందట. మా దగ్గర కరెంటు పోతే ముసలమ్మ నుంచి పసివాడి దాకా అనే మాట అదే. ఇంగ్లీషువాళ్ళ కాగితంలో మా ఇంటి మాట! కరెంటు పోయే ఊళ్ళని కూడా ఎవరో తలుచుకుని ఈ చిప్పు చేశారనుకున్నాను. ఛాతీ ఉబ్బింది. ఆ చిప్పే తీసుకున్నాను. బిళ్ళ బ్యాటరీ పెట్టలేదు.

మంగళవారంనాడు గుడ్లు పేర్చాం. మీట నొక్కితే ఎన్నో రోజో అన్నిసార్లు ఎర్రదీపం వెలిగేలా చేశాను. అన్న ముందే ప్లగ్గు పీకి, నిమిషం ఆగి మళ్ళీ పెట్టాను. యంత్రం దానంతట అదే లేచింది. మీట నొక్కాను. దీపం ఒక్కసారి వెలిగింది.

"చూశావా అన్నా, మర్చిపోలేదు."

మొదటి రోజున ఒక్కసారి వెలగక ఎన్నిసార్లు వెలుగుతుంది? నా బుర్రకి తట్టలేదు.

తర్వాతి వారం శనివారం అన్న భార్య ఈసింగ్ ఫోన్ చేసింది. "మూడు గంటలు బ్రౌనౌట్ నాయనా. పొట్టు వేడి పోలేదులే. కరెంటు రాగానే నీ పెట్టె దానంతట అదే లేచి కూర్చుంది. ఎంత తెలివైందో!"

"నేను చెప్పలేదూ వదినా" అన్నాను. ఆ పూట నెనిటాకి వినబడేలా ఈలవేశాను కూడా.

గురువారం అన్నే ఫోన్ చేశాడు.

"ఒరే, ఇవాళ్టికి పదిహేడు అనుకుంటారా. తీసేద్దామా?"

"బెల్లు మోగిందా?"

"లేదు."

"మరింకేం? ఇవాళ ఆదివారమా అని నిన్న వదినని అడిగావట. నువ్వు పదిహేడు లెక్కపెడతావా? దానిమీద వదిలెయ్ అన్నా."

అన్న నవ్వాడు. "నిజమేలే. నా బుర్రకన్నా నీ చిప్పు గింజే నయం."

గుడ్లు పేర్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. వేళ్ళమీద లెక్కపెట్టుకుంటే అర నిమిషం పని. యంత్రం ఉండగా నేనెందుకు అనుకున్నాను.

సోమవారం పొద్దున ఈసింగ్ వదిన ఒక గుడ్డు ఉడకబెట్టి చూసి నన్ను రమ్మంది. పళ్ళెంలో అది నల్లటి తడి ఈకలతో పడుంది, ముక్కు గట్టిగా ఉంది. ఇంకో సంచిలోంచి ఒకటి, అట్టడుగు నుంచి ఒకటి పగలగొట్టాం. అన్నీ అంతే. యంత్రం దగ్గరికెళ్ళి మీట నొక్కాను. దీపం పదిసార్లు వెలిగి ఆగింది. ఆ రోజుకి ఇరవై ఒకటి కావాలి. కరెంటు పోయిన శనివారం నుంచి వేళ్ళు మడిచాను. సరిగ్గా పది.

బయటికొచ్చి నెనిటాకి ఫోన్ చేశాను. జేబులోంచి ఆ కాగితం తీసి, ఆ మాట చుట్టూ ఉన్నదంతా అక్షరం అక్షరం చదివి వినిపించాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"అది మన బ్రౌనౌట్ కాదు ప్రీమో. వోల్టేజి కిందికి జారితే చిప్పు తికమకపడి పిచ్చిపనులు చేస్తుంది. అలా చెయ్యకుండా తనని తాను ఆపేసుకుని మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడుతుంది. అంతే. గుర్తుపెట్టుకోవడం కాదు, చెరిపేసుకోవడం."

లోపలికొచ్చేసరికి చోలెంగ్ రెండు బుట్టలతో దిగింది. పళ్ళెం చూసింది, ముట్టుకోలేదు.

"ఇవెక్కడ అమ్మను సబాస్ అన్నా? తాగినవాడు కూడా నా మొహాన కొడతాడు."

"తప్పు నాదే చోలెంగ్" అన్నాడు అన్న. మాట ఒక పక్కకి జారుతోంది. "ఈ జబ్బు వచ్చాక రోజులు నాకు నిలవడం లేదు. ప్రీమో మంచి యంత్రమే చేసిచ్చాడు. నేనే ఏదో రోజు దాన్ని కెలికుంటాను. ఏంరా ప్రీమో?"

రోజులు సరిగ్గా లెక్కపెట్టింది ఆ షెడ్డులో ఆయనొక్కడే. ఆ మాట చెప్పడానికి నాకు చదువు అక్కర్లేదు.

నేను పెట్టె మూతకి స్క్రూ బిగిస్తున్నాను. అది ఎప్పుడో బిగిసిపోయింది, అయినా తిప్పుతూనే ఉన్నాను.

"అయ్యుంటుందిలే అన్నా" అన్నాను.

చోలెంగ్ ఖాళీ బుట్టలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని వెళ్ళిపోయింది. అన్న మంచిచేత్తో గోడ పట్టుకుని లేచాడు.

"ఈసింగ్, ఎఫ్రెన్‌ని ఒకసారి రమ్మను."

వదిన మేకుకి వేలాడే షెడ్డు తాళంచెవి తీసి అన్న పక్కన పెట్టింది.