మధ్య అంతస్తు బఫర్

రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియనుగా పనిచేసే ఆయనకు ఈ లోకంలో ఒక్క శత్రువు కూడా లేడు. ఆ సంగతి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఆయనే చెప్పేవాడు. సూది గుచ్చించుకున్నవాళ్ళు కూడా తనకు థాంక్స్ చెప్పి మరీ వెళతారని ఆయనకు మహా గొప్ప. ఎవరితోనూ "కుదరదు" అనకుండా నలభై ఏళ్ళు నెట్టుకొచ్చిన మనిషి. ఆయన అనని "కుదరదు"లన్నీ అనే పని భార్య మీద పడింది. ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కత్తెర ఒక్కటీ చాలదన్నట్టు ఆవిడకు నాలుక కూడా ఉంది.

వాళ్ళు అద్దెకు చూడబోయిన మూడంతస్తుల ఇల్లు ఇద్దరు అన్నదమ్ములది. పై అంతస్తులో అన్న. సైన్యంలో చేసి రిటైరైనవాడు కాబట్టి వీధంతా ఆయన్ని మేజరు గారనేది. నిజానికి ఆయన సర్వీసంతా బూట్ల గోదాములోనే గడిచింది. ఏనాడూ తుపాకీ చప్పుడు వినలేదు గానీ, మనిషి నడక చూసి ఎన్నో సైజు బూటో చెప్పేయగలడు. కింది అంతస్తులో తమ్ముడు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఇద్దరికీ మాటల్లేవు. తండ్రి పోయిన ఏడాది నీళ్ళ దగ్గర మొదలైందట తగువు. ట్యాంకేమో అన్న నెత్తిమీద, డాబాపైన. దాన్ని నింపే మోటారు స్విచ్చేమో తమ్ముడి వంటింట్లో. మోటారు వేయమని అడగడం అన్నకు పరువుతక్కువ. అడగందే వేయడం తమ్ముడికి పరువుతక్కువ. పరువులు రెండూ నిండుగా ఉండి ట్యాంకు మాత్రం ఎండిపోయేది.

"మీలాంటివారే కావాలండీ మాకు," అన్నాడు మేజరు, మధ్య అంతస్తు తాళం తీస్తూ. "మీరే మా బఫర్ జోన్."

టెక్నీషియను మొహం వెలిగిపోయింది. ఆయన ల్యాబులో ఫ్రిజ్ పై అరలో బఫర్ సీసా ఒకటి ఉంటుంది. కాస్త ఆమ్లం కలిపినా, కాస్త క్షారం కలిపినా తన గుణం మార్చుకోని ద్రావణం అది. అది లేకపోతే సగం పరీక్షలు సాగవు. పెళ్ళయ్యాక తనను ఇంత సరిగ్గా అర్థం చేసుకున్న మొదటి మనిషి ఈ మేజరేననిపించింది ఆయనకు.

మెట్లు దిగుతూ ఆ సంతోషమంతా భార్య ముందు కుమ్మరించాడు. ఆవిడకు అప్పటికే ఇల్లు నచ్చింది. తూర్పు కిటికీ పక్కన మిషను వేసుకుంటే సూదిలోకి దారం ఎక్కించడానికి కళ్ళజోడు కూడా అక్కర్లేదు. కానీ ఆ మాట వినగానే ఆవిడ మెట్టు మీద ఆగిపోయింది.

"బఫర్ అంటే రైల్లో పెట్టెకీ పెట్టెకీ మధ్య గుండ్రంగా ఉంటుందే, అదేనా?"

"అదీ బఫరే అనుకో. కానీ ఆయన అన్నది వేరు."

"దాని పని గుద్దించుకోవడమే కదండీ?"

"నీకు మంచిమాట కూడా వంకరగానే వినిపిస్తుంది," అన్నాడాయన, చిన్నబుచ్చుకుని.

సామాను దించిన సాయంత్రం మేజరు కిందికి వచ్చి కుర్చీలో కూర్చుని, ఆ మాటకు అసలైన అర్థం విడమరిచి చెప్పాడు. చేతిలో ఉన్న కర్రతో నేల మీద రెండు గీతలు గీసినట్టు చూపించాడు.

"ఇటొక పెద్ద రాజ్యం, అటొక పెద్ద రాజ్యం. రెండూ ఉప్పూ నిప్పూ. మధ్యలో చిన్న దేశం ఒకటుందనుకోండి. వీళ్ళ సైన్యం అటు పోదు, వాళ్ళ సైన్యం ఇటు రాదు. ఎంత హాయి! యుద్ధశాస్త్రంలో అదే బఫర్."

"ఆ చిన్న దేశానికి కూడా హాయేనాండీ?" అని అడిగింది భార్య, పెట్టెలో గిన్నెలు సర్దుతూనే.

"దాన్నెవరూ అడగరమ్మా," అన్నాడు మేజరు, చాలా ప్రశాంతంగా.

మర్నాడు తమ్ముడు మెట్ల దగ్గర ఎదురై కరచాలనం చేశాడు. ఆయన భాష వేరు. "మీరు న్యూట్రల్ గేరులో ఉండాలండీ, ల్యాబు గారూ. అప్పుడే ఇల్లు సాఫీగా నడుస్తుంది," అన్నాడు. న్యూట్రల్‌లో బండి ఎక్కడ నడుస్తుందో టెక్నీషియనుకు తట్టలేదు. తట్టినా అడిగేవాడు కాదు.

అలా ఉద్యోగం మొదలైంది. పొద్దున ల్యాబుకు బయల్దేరబోతుంటే పైనుంచి కేక.

"ఏమండీ! ఆ గాడిదతో చెప్పండి. ట్యాంకులో చుక్క లేదు. మోటారు వేస్తాడా, నన్నే వచ్చి ఆ స్విచ్చి పీకి పారేయమంటాడా?"

టెక్నీషియను కిందికి దిగి, తలుపు తట్టి, తియ్యగా చెప్పేవాడు. "అన్నయ్యగారు మిమ్మల్ని తలుచుకున్నారండీ. తీరిక దొరికితే మోటారు వేయమన్నారు."

"అన్నయ్యగారికి చెప్పండి. బూట్లకి పాలిష్ కొట్టుకు బతికినవాడికి ఇంత పొగరేంటని!"

టెక్నీషియను మళ్ళీ రెండంతస్తులెక్కేవాడు. "వేస్తున్నారండీ. మీ దగ్గర క్రమశిక్షణ నేర్చుకోవాలి అంటున్నారు."

రోజులు గడిచేకొద్దీ ఈ విద్యలో ఆయన ఆరితేరాడు. తిట్టు ఎంత పెద్దదైతే పొగడ్త అంత పొడుగు చేసేవాడు. చివరికి తను మోసుకెళ్ళే మాటల్ని తనే నమ్మడం మొదలుపెట్టాడు. వాళ్ళిద్దరికీ లోలోపల ఒకరంటే ఒకరికి ప్రాణమనీ, ఆ ప్రాణం తన చేతుల మీదుగానే నడుస్తోందనీ గాల్లో తేలిపోయేవాడు. ల్యాబుకు ఆలస్యంగా వెళ్ళి పెద్ద డాక్టరు చేత చీవాట్లు తింటున్నా ఆ తేలడం తగ్గలేదు.

భార్యకు మాత్రం తేలే వీలు లేకపోయింది. తమ్ముడు పొద్దున్నే వాకిట్లో కారు పెట్టి, కొత్తగా చేరినవాళ్ళకు హారన్ ఎలా కొట్టాలో నేర్పేవాడు. హారన్ కొట్టడానికి అన్ని పాఠాలెందుకో ఆ గురువుకే తెలియాలి. పైన మేజరుకు ఒళ్ళు మండిపోయేది. తమ్ముడితో మాటల్లేవు కాబట్టి చేతికర్రతో నేల మీద ధనాధనా బాదేవాడు. ఆయన నేలంటే వీళ్ళ కప్పు. ఆ చప్పుడు తనకేనని తమ్ముడికి తెలుసు. ఇంట్లోకి వచ్చి బూజుకర్ర తీసుకుని తన కప్పు మీద పొడిచేవాడు. ఆయన కప్పంటే వీళ్ళ నేల. ఇద్దరూ ఒకరినొకరు కొట్టుకుంటున్నామని తృప్తిపడేవాళ్ళు. పైనుంచి సున్నం రాలేది ఆవిడ జడలో, కింద అదిరేది ఆవిడ మిషను. ఒకసారి ఆ అదురుకు లాయరు గారి కోటు జేబుకు అడ్డంగా కుట్టు పడిపోయింది. ఆయన కోర్టులో నిలబడి జేబులోకి చెయ్యి పోక నానా అవస్థా పడి, నేరుగా ఆవిడ దగ్గరికొచ్చాడు.

"జేబు కుట్టేశావేంటమ్మా?"

"నేను కాదండీ. రెండు పెద్ద రాజ్యాలు కుట్టాయి," అంది ఆవిడ. లాయరుకు అర్థం కాలేదు. కోటు విప్పి ఇచ్చాడు.

ఆ రోజు ఆవిడ మొగుడు రాగానే మిషను మీదినుంచి లేవకుండా చెప్పింది. "మీ బఫర్ పని చాలించండి. రెండువైపులా దెబ్బలు నావి, పేరు మీది."

ఆయనకు నిజంగానే జాలి కలిగింది. జాలి కలిగితే మామూలు మనిషి ఇల్లు మారతాడు. ఈయనకు మరీ పెద్ద ఆలోచన వచ్చింది.

"ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెడతాను. ఆదివారం టీకి పిలుద్దాం."

"వద్దండీ. వాళ్ళిద్దరూ కలిసిపోతే ఇక్కడ మన అవసరం ఏముంది?"

"మనుషులు కలవడం మంచిదే కదా!"

"మంచిదే. మనం మరో ఇల్లు చూసుకున్నాక కలిస్తే ఇంకా మంచిది."

ఆయన వినలేదు. ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఒకరు కిటికీ వైపు, ఒకరు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. టీ కప్పులు చేతికిచ్చి టెక్నీషియను గొంతు సవరించుకున్నాడు.

"మీ ఇద్దరి మనసులూ నాకు తెలుసండీ. మొన్న అన్నయ్యగారు, తమ్ముడు గారి కాలినొప్పి గురించి ఎంత బాధపడ్డారో!"

తమ్ముడు కప్పు కింద పెట్టాడు. "నా కాలికి నొప్పేంటి?"

"నాకేం తెలుసు?" అన్నాడు మేజరు, ఏళ్ళ తర్వాత మొదటిసారి తమ్ముడి మొహంలోకి చూస్తూ. "నీ కాలు విరిగి మూల కూర్చుంటే ఆ హారన్ల గోల తప్పుతుందన్నాను. అంతే."

"మరి నా గొంతు విని చాలా రోజులైందన్నావట?"

"నేనా? నీ నోరు మూయించమన్నాను! మరి నువ్వు నా దగ్గర క్రమశిక్షణ నేర్చుకోవాలన్నది?"

"బూట్లకి పాలిష్ కొట్టుకు బతికినవాడివి అన్నాను."

టెక్నీషియనుకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఈసారి కింద బూజుకర్ర కూడా లేదు. అంతలో మేజరు పొట్ట మెల్లగా కదలడం మొదలుపెట్టింది. "క్రమశిక్షణట్రా!" అన్నాడు. తమ్ముడు ఆపుకోలేక ఫక్కున నవ్వాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆ నవ్వు చూసి టెక్నీషియను కూడా నవ్వబోయాడు. సరిగ్గా అప్పుడే ఇద్దరూ నవ్వాపి ఆయన వైపు తిరిగారు.

"అయితే ఇన్నాళ్ళూ మీరు మా మధ్య అబద్ధాలు మోశారన్నమాట," అన్నాడు మేజరు.

"నా తిట్లన్నీ వృథా చేశారు కదండీ!" అన్నాడు తమ్ముడు. నిజంగా నష్టపోయినవాడి గొంతు అది.

"అది కాదండీ, నేను మంచికే..."

"మనింట్లో అద్దెకుండి మన ఇద్దరికీ మాటలు మార్చాడ్రా," అన్నాడు అన్న. "చూశావా అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. తండ్రి పోయాక ఆ ఇంట్లో ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం అదే.

వారం తిరక్కుండా ఇద్దరూ జంటగా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మధ్య అంతస్తు ఇక తమకే కావాలన్నారు. సగంలో డ్రైవింగ్ పాఠాలు చెప్పే గది, సగంలో మేజరు గారి యుద్ధ పుస్తకాలు.

"ఇప్పుడు మా మధ్య బఫర్ అక్కర్లేదండీ," అన్నాడు మేజరు, కాస్త జాలిగానే. "పెద్ద రాజ్యాలు ఒప్పందానికొస్తే మధ్య దేశాన్ని చెరిసగం కలుపుకుంటాయి. యుద్ధశాస్త్రంలో దీన్ని విలీనం అంటారు."

"మా భాషలో ఖాళీ చేయించడం అంటారండీ," అంది భార్య.

ఆ రోజు ల్యాబులో టెక్నీషియను ఫ్రిజ్ పై అరలోని బఫర్ సీసా తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. ఆమ్లం మరీ ఎక్కువ పోస్తే బఫర్ కూడా తట్టుకోదని బఫర్ గొప్పతనం రాసిన పుస్తకంలోనే, ఆ పక్క వాక్యంలో ఉంటుంది. మేజరు పొగడ్త విన్నప్పుడు ఆ వాక్యం గుర్తుకు రాలేదు. కానీ ఆయనకు బాధ ఇల్లు పోతున్నందుకు కాదు. అన్ని తియ్యని మాటలు తనే పుట్టించాడు కదా, అందులో ఒక్కటైనా వాళ్ళకు నిజమనిపించలేదా అని. మేజరు ఒకసారి "వాడు అలా అన్నాడా?" అని కళ్ళు తుడుచుకోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఆ సంగతి టీ రోజున చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆయనకే తెలియదు.

కొత్త ఇల్లు భార్యే వెతికింది. కిటికీల కంటే ముందు, "ఈ ఇల్లు ఎంతమందిదండీ?" అని అడిగింది. ఒక్కరిదే అని తేలాక లోపలికి వెళ్ళి చూసింది.

సామాను ఎత్తే రోజు అన్నదమ్ములిద్దరూ సాయానికి వచ్చారు. పంపేవాళ్ళకు అంత ఉత్సాహం ఎప్పుడూ ఉంటుంది. కుట్టుమిషను పట్టుకుని పైన అన్న, కింద తమ్ముడు మెట్ల మలుపు దాకా దించారు. అక్కడ మిషను ఇరుక్కుంది.

"ఎడమకి తిప్పరా."

"కుడికి తిప్పితేనే వస్తుంది. రోజూ బళ్ళు తిప్పేవాణ్ణి, నాకు తెలీదా?"

"నేను సైన్యంలో చేసినవాణ్ణి!"

"బూట్లు తిప్పావు, మిషన్లు కాదు!"

మిషను మెట్టు మీద దిగింది. రెండు మొహాలూ ఎర్రబడ్డాయి. మేజరు గోడ వైపు తిరిగిపోయాడు. "ఏమండీ ల్యాబు గారూ, ఆ గాడిదతో చెప్పండి, ఎడమకి తిప్పమని!"

చెంబులూ గ్లాసులూ నింపిన బకెట్టు పట్టుకుని వెనకే దిగుతున్న టెక్నీషియను నోరు దానంతటదే తెరుచుకుంది. నాలుక చివరకు తియ్యటి మాట ఒకటి వచ్చేసింది కూడా. భార్య కింద గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన ఆ మాట మింగేసి, బకెట్టు కింద పెట్టాడు.

"కుదరదండీ," అన్నాడు. "మీరే చెప్పుకోండి."

అన్నదమ్ములు ఆయన్ని ఎగాదిగా చూశారు. ఈలోగా వ్యాను డ్రైవరు పైకి వచ్చి, మిషనును ఎడమకీ కుడికీ కాక నిలువుగా ఎత్తి భుజాన వేసుకుని దిగిపోయాడు. చేతులు ఖాళీ కావడంతో వాళ్ళిద్దరికీ తగువు పడే వీలు ఇంకా పెరిగింది.

టెక్నీషియను వ్యాను దగ్గరికొచ్చి, భార్య ఏమైనా అంటుందేమోనని కాసేపు నిలబడ్డాడు. జీవితంలో మొదటి "కుదరదు" అన్నవాడికి ఒక మంచిమాట దక్కాలి కదా. ఆవిడ మూటలు తడిమి చూస్తోంది.

"ఇస్త్రీపెట్టె ఏదండీ?"

పైనే మర్చిపోయాడు. వెనక్కి వెళ్ళాడు. మెట్ల మలుపు దగ్గర అన్న పై మెట్టు మీద, తమ్ముడు కింది మెట్టు మీద, ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు. వాళ్ళ మధ్యనుంచి తప్ప వేరే దారి లేదు.

"కాస్త జరగండి," అన్నాడు టెక్నీషియను. ఇద్దరూ ఉలిక్కిపడి గోడకి ఆనుకున్నారు. ఆయన పైకి వెళ్ళి, ఇస్త్రీపెట్టె వైరు చుట్టి చంకలో పెట్టుకుని, మళ్ళీ అదే దారిన దిగి వ్యాను ఎక్కాడు. భార్య పక్కకు జరిగి చోటిచ్చింది.