మేస్త్రీ తలకు పట్టని టోపీ

నేను ఒక బౌలర్ టోపీని. ఈ మాట నా అంతట నేను చెప్పుకున్నది కాదు. మొన్న హైదరాబాదు నుంచి పాత టోపీలు సేకరించే పెద్దమనిషి ఒకాయన వచ్చి, చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని, నన్ను వెలుతురుకు ఎత్తిపట్టి తేల్చిన సంగతి. నడినెత్తి గుండ్రంగా, గట్టిగా, సొట్ట లేకుండా ఉంటే బౌలర్. మధ్యలో పొడుగునా ఒకే గాడి ఉండి అంచు పైకి తిరిగితే హోంబర్గ్. మెత్తగా ఉండి, ముందువైపు రెండు వేళ్లతో నొక్కినట్టు గుంటలుంటే ఫెడోరా. ఆ మెత్తటిదే అంచు సన్నబడి ముందుకు వంగితే ట్రిల్బీ. ఇదంతా వెంట వచ్చినవాళ్లకు పాఠంలా చెప్పి, నా రిబ్బను ముడి ఎడమ పక్కన ఉందని చూపి, మగవారి టోపీకి అది గుర్తన్నాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. అంచు కింద ఉన్న గోధుమరంగు మరకను చూసి మాత్రం "ఎప్పుడో టీ ఒలికింది" అన్నాడు. అక్కడొక్కచోటే పొరబడ్డాడు.

నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. ఇంగ్లండులో ఒక పొగగొట్టాల ఊళ్లో కుందేళ్ల తోలు వొలిచి, ఆ బొచ్చుకు పాదరసం కలిసిన మందు పట్టించి, సలసల కాగే నీళ్లలో ముంచి, మళ్లీ మళ్లీ బాది, నన్ను సగానికి సగం కుదించారు. నన్ను చేసినవాడి చేతులు వణుకుతుండేవి. పాదరసం ఆ పని చేసేవాళ్లందరినీ అలా వణికించి చంపేది. తరువాత లక్కలో ముంచి ఆరబెట్టి, కాల్చిన ఇస్త్రీపెట్టెతో నున్నగా రుద్దితే రాయిలా గట్టిపడ్డాను. ఇంత హింస ఎందుకంటే, పెద్దమనిషి మర్యాదగా కనిపించడానికట.

నన్ను కొన్నవాడు మక్రే దొర. విశాఖ జిల్లాలో రైలుకట్ట పక్కన ఉన్న గోనెసంచుల మిల్లుకు ఇంజనీరుగా వస్తూ తెచ్చుకున్నాడు. మిల్లులో చేతికర్రతో కూలీలను పొడవడం ఆయనకు నశ్యం లాంటి అలవాటు. పదేళ్లు ఆయన తలమీద ఉండి, జనం తలలు వంచడం తప్ప నేను చూసింది పెద్దగా లేదు.

ఒక ఏడాది నేతవాళ్లు మగ్గాలు ఆపి కూర్చున్నారు. గొర్లె గురువులు అనే మేస్త్రీ వాళ్ల మధ్యకు వెళ్లి, ముందు కూర్చున్నవాడి చేయి మోకాలికి ఆనించి విరిచాడు. ఆ చప్పుడు విన్నాక మిగిలినవాళ్లు లేచి మగ్గాల దగ్గరకు పోయారు. మర్నాడు దొర నన్ను తీసి గురువులు నెత్తిన పెట్టాడు. బహుమానం అన్నమాట. దొర తల గుమ్మడికాయంత. గురువులుది చిన్న తల. నేను జారి అతని చెవుల మీద ఆగాను. ఎవరో కిసుక్కున నవ్వారు. అలా నవ్వినవాడు ఆ పూట రెండు పళ్లు ఉమ్మేశాడు.

గురువులు నన్ను ఇంటికి తెచ్చి భార్య ముందు పడేశాడు. "బిగువు సెయ్యి" అన్నాడు.

ఆమె పేరు అసిరమ్మ. పెళ్లికి ముందు అదే మిల్లులో సంచులు కుట్టేది. ఎడమచేతి వాటం. అందుకని అత్తింట్లో తిన్న దెబ్బలు లెక్కలేనన్ని. అన్నం వడ్డిస్తే దెబ్బ, నీళ్లందిస్తే దెబ్బ. కుట్టేటప్పుడు మాత్రం ఆ చేతిని ఎవరూ ఏమీ అనేవారు కాదు, పని కావాలి గనక. ఆమె గోనెగుడ్డ పట్టీని నాలుగు మడతలు పెట్టి, నా లోపలి తోలుపట్టీ వెనక చుట్టూరా అమర్చి, జనపదారంతో కుట్టింది. సంచులు కుట్టేవాళ్ల పద్ధతిలో మూడు కుట్లకొక ముడి వేసింది. ఒకచోట తెగినా మొత్తం విప్పుకోదని అలా వేస్తారు. ఆ తరువాత నేను గురువులు తలమీద కదలకుండా నిలిచాను. ఆమె వంక చూసి అతను "ఊఁ" అన్నాడు. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆమెకు దక్కిన మెప్పు అదొక్కటే.

ఆ మిల్లులో దొరలు కాక టోపీ పెట్టే మనుషులు ఇద్దరే. గురువులు ఒకడు. టైము ఆఫీసులో గుమాస్తా డేనియలు రెండోవాడు. డేనియలుది మెత్తటి బూడిదరంగు ఫెడోరా. దాన్ని రోజూ ముందువైపు నొక్కుకుంటూ, దువ్వుకుంటూ ముద్దు చేసేవాడు. ఆ ఊరి జనానికి ఈ తేడాలు పట్టవు. తలమీద అంచున్నది ఏదైనా వాళ్లకు దొర టోపీయే. ఈ చిన్న సంగతి దాదాపు ఒక మనిషి ప్రాణం తీసింది.

మళ్లీ సమ్మె వచ్చింది. పొద్దున ఎనిమిది గంటలకు గేటు ముందు మూడు వందలమంది. మొదటి రాయి ఎటునుంచి వచ్చిందో నాకు తెలియదు. కర్రలు లేచాయి, గాజులు పగిలాయి, ఒకడి చెవి సగం తెగి వేలాడింది. డేనియలు ఆఫీసులోంచి బయటికి వచ్చి అరుస్తుంటే ఎవరో అతని టోపీ లాక్కుని గుంపులోకి విసిరారు. అది కాళ్లకింద పడి ఏమైందో మళ్లీ కనిపించలేదు. తవుడు అనే కుర్ర నేతగాడు గేటు ఎక్కబోయాడు. చేయి విరిగినవాడి తమ్ముడతను. గురువులు వెనకనుంచి వచ్చి మగ్గం ఇనపబద్దతో అతని మెడమీద కొట్టాడు. తవుడు తిరిగాడు. రెండో దెబ్బ కణతకు తగిలింది. పడిపోతూ రెండు చేతులూ చాచి నన్ను పట్టుకున్నాడు. మనిషిని పట్టుకోబోయాడు, టోపీ దొరికింది. నన్ను ఊడబెరుక్కుని నామీదే బోర్లా పడ్డాడు. నా అంచు కిందికి వెచ్చగా పారింది. ఆ పెద్దమనిషి చెప్పిన టీ అదే.

పోలీసులు శవాన్ని తిప్పితే కింద నేను ఉన్నాను. గేటు కాపలా కూర్మయ్య ముసలివాడు, అబద్ధం ఆడేవాడు కాడు. "దొర టోపీ ఎట్టుకున్నోడు కొట్టినాడు బావూ, ఈపు సూసినాను, మొకం సూడనేదు" అన్నాడు. డేనియలు నెత్తిన టోపీ లేదు. అంతకు వారం ముందే అతనూ తవుడూ హాజరు విషయంలో కలబడి కొట్టుకున్నది సగం మిల్లు చూసింది. డేనియలును తీసుకుపోయారు.

నేను ఎవరి టోపీనో మిల్లులో అందరికీ తెలుసు. చెప్పినవాడికి మర్నాడు పని ఉండదు, పళ్లూ ఉండవు. పైగా వారం తిరగకుండా గురువులు విశాఖలో పాత సామాను అమ్మేచోట నాలాంటి నల్ల టోపీ ఇంకొకటి సంపాదించి, నా టోపీ ఇదిగో అని అందరికీ చూపించాడు.

అయితే లోపలి గోనెపట్టీ అతనికి గుర్తొచ్చింది. ఒక మధ్యాహ్నం పోలీసు స్టేషనుకు వచ్చి, తెలిసిన హెడ్డు కానిస్టేబులుతో చుట్ట కాలుస్తూ కూర్చుని, "ఒక్కపాలి సూత్తాను" అని నన్ను చేతికిమ్మన్నాడు. హెడ్డు తల అటు తిప్పుకున్నాడు. గురువులు మొలలోని కత్తితో నా లోపలి కుట్లు ఒక్కొక్కటే తెంపి, పట్టీని లాగి చొక్కాలో దోపుకున్నాడు. నాకు మిగిలినవి తోలుపట్టీకి చుట్టూ రంధ్రాలు.

విచారణకు నన్ను బల్లమీద పెట్టారు. నా పక్కన ఇనపబద్ద. బోనులో డేనియలు చిక్కి సగమైపోయాడు. డేనియలు వకీలు కూర్మయ్యను పట్టుకున్నాడు.

"నువ్వు చూసిన టోపీ గట్టిదా, మెత్తనిదా?"

"నాను ముట్టుకోనేదు బావూ."

"గుండ్రంగా ఉందా, ముందు నొక్కు ఉందా?"

"దొర టోపీ బావూ."

"అన్ని టోపీలూ ఒకటేనా?"

"మీ తలపాగా ఏరు బావూ, అది దొర టోపీ కాదు."

జనం గొల్లుమన్నారు. వకీలు చెమట తుడుచుకుని, ఈ టోపీ నీదే కదా అని సాక్షిగా వచ్చిన గురువులును నిలదీశాడు. అక్కడే తప్పు చేశాడు. ప్రభుత్వం తరఫు వకీలు చటుక్కున లేచి, పెట్టి చూద్దామన్నాడు. జడ్జీ సరేనన్నాడు. నన్ను గురువులు నెత్తిన పెట్టగానే జారి కళ్లదాకా దిగిపోయాను. కోర్టంతా నవ్వు. గురువులు కూడా నవ్వాడు. తరువాత డేనియలు తలమీద పెట్టారు. అతని తల దొర తలంత, అచ్చుగుద్దినట్టు కూర్చున్నాను. నవ్వు ఆగిపోయింది. జడ్జీ ఏదో రాసుకున్నాడు. ఒక తల కొలత సరిపోయినందుకు ఆ తల కింద మెడకు ఉరి పడబోతోంది.

అప్పుడు వెనక ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు వినిపించింది. "ఆ టోపీ నాను కుట్టినాను బావూ."

అసిరమ్మ.

ప్రభుత్వ వకీలు అడ్డుపడ్డాడు. జడ్జీ చేయెత్తి ఆపి, ఆమెను ముందుకు రమ్మన్నాడు. ఆమె చీరచెంగులోంచి గోనెపట్టీ తీసి బల్లమీద పెట్టింది. ఒక అంచు కాలి నల్లబడింది. "పొయ్యిలో ఎట్టమని మా మేస్త్రి ఇచ్చినాడు. ఎట్టినాను. ఎట్టి తీసేసినాను" అంది.

"ఈ టోపీదేనని ఎలా చెప్పగలవు?"

"సూదీ దారం ఇప్పించండి, సెప్పుతాను."

కోర్టులో సూది ఎక్కడిది? కాగితాల కట్టలు కుట్టే దబ్బనం, పురికొస గుమాస్తా దగ్గర ఉన్నాయి. ఆమె నేలమీద కూర్చుని నన్ను ఒళ్లోకి తీసుకుంది. దబ్బనం ఎడమచేత్తో పట్టుకుంది. పట్టీ రంధ్రాన్ని తోలు రంధ్రానికి ఆనించి దూర్చింది. తరువాతిది, ఆపైది. ఎక్కడా కొత్త రంధ్రం పొడవలేదు. అందరూ కుడినుంచి ఎడమకు కుడతారు. ఆమె ఎడమనుంచి కుడికి పోతోంది, మూడు కుట్లకొక ముడి వేస్తూ. ముడిపడే చోట రంధ్రం రవ్వంత పెద్దది. ప్రతి ముడీ సరిగ్గా ఆ పెద్ద రంధ్రంలోకే దిగుతోంది. జడ్జీ కుర్చీలోంచి లేచి వచ్చి వంగి చూశాడు.

సగం అయ్యేసరికి గురువులు దూకాడు. "ఓలి ముండా!" అంటూ కాలితో ఆమె మొహంమీద తన్నాడు. పెదవి చిట్లి రక్తం నా తోలుమీద పడింది. జవాన్లు ఇద్దరు చాలక నలుగురు మీదపడి అతన్ని నేలకు అదిమారు. ఒకడి వేలు కొరికేశాడు. ఆమె మోచేత్తో పెదవి తుడుచుకుని మిగిలిన సగం కుట్టింది. ఆఖరి ముడి వేసి పురికొసను పళ్లతో తెంపింది.

నన్ను మళ్లీ గురువులు నెత్తిన పెట్టారు. నలుగురు పట్టుకుని ఉండగా అతను తల విదిలించాడు, గింజుకున్నాడు, గోడకేసి కొట్టుకున్నాడు. నేను కదలలేదు. అంత బాగా కుట్టింది ఆమె.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు జడ్జీ.

"ఎవులడిగినారు బావూ? టోపీ ఎవులిదని అందర్నీ అడిగినారు. ఎవులు కుట్టినారని నన్నడగనేదు." తలెత్తకుండానే అంది, "ఆ డేనియలు బావు నాకు తెల్దు. తవుడు తల్లి మా ఎదురింట్లో ఉంటాది. దినామూ గుమ్మంలో కూకుని, ఆడొత్తాడని ఈదికేసి సూత్తాది. అదంతా నాను సూడాల."

ఆ సాయంత్రానికే డేనియలును వదిలేసి, గురువులుకు సంకెళ్లు వేశారు. అతను వచ్చి చేతులు జోడించబోతే అసిరమ్మ పక్కకు తప్పుకుంది. జవాను నన్నూ ఇనపబద్దనూ పట్టుకుని వసారాలోంచి నడుస్తుంటే ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. పెదవి ఉబ్బి మాట ముద్దగా వస్తోంది. ఎదురుగా తవుడు తల్లి. ఆర్నెల్లుగా ఆ ఇద్దరూ మాట్లాడుకోలేదు.

"ఓలే" అంది ముసలామె, "ఆ గోనెముక్క ఆర్నెల్లు ఆడి కంటపడకుండా ఎక్కడ దాసినావే?"

"సెప్పను" అంది అసిరమ్మ. "ఆడు జామీనుమీద వొచ్చీసినాడంటే, నాను దాక్కోవాల గదేటి అక్కడే."

ముసలామె ఆమె ఎడమచేతిని పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు. జవాను నన్ను లోపలి గదిలో రేకుపెట్టెలోకి వదిలాడు. అందులో ఒక గొడ్డలి, రెండు కత్తులు, ఒక తాడు ముందే ఉన్నాయి. నేను వాటి మధ్య బోర్లా పడ్డాను. వాటిలో దేనికీ నేను కొత్తగా అనిపించలేదు.