అడ్డకడ్డీ సీలలు

మళ్లీ ఒక సీల విరిగింది.

రెండు ముక్కల్నీ అరచేతిలో పెట్టుకుని సాగిన్ బైకే కుర్చీ లిఫ్టు కింది స్టేషను గదిలోకి వచ్చాడు. తడిసిన చేతితొడుగుల్ని పొయ్యి పక్కన పడేసి, ముక్కల్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు. జాజ్‌గుల్ ఒక చేత్తో పిల్ల తొట్టె ఊపుతూనే రెండో చేత్తో గిన్నెలోకి టీ వంచింది.

"మళ్లీ ఆ కుర్చీయేనా బైకే?"

"అదైతే పోనీలే అనుకుందును. ఇది దాని చెల్లెలు." ఆయన టీ ఊదుకున్నాడు. "అక్కచెల్లెళ్లందరూ కలిసి నా మీద కక్ష కట్టారమ్మాయ్. ఇంట్లో మీ వదిన ఒక్కతీ చాలదన్నట్టు."

బైకే అంటే పెద్దన్న. ఆ కొండ మీద డైరెక్టరు దగ్గర్నుంచి టిక్కెట్లు చింపేవాళ్ల దాకా అందరికీ ఆయన బైకేనే. తాడుకి వేలాడే కుర్చీల్లో జనాన్ని కొండెక్కించే ఈ లిఫ్టుకి స్తంభాలు పాతినప్పుడు సిమెంటు కలపడానికి వచ్చి, తర్వాత కుర్చీలకీ తాడుకీ వైద్యుడై అక్కడే నిలిచిపోయాడు.

కుర్చీ ఎక్కినవాళ్లు జారిపోకుండా తల మీది నుంచి ఒళ్లోకి దింపుకునే ఇనప కడ్డీ ఒకటుంటుంది. దాని రెండు కొసలా బందులు, బందులో సీల, సీలకి అటూ ఇటూ నీళ్లు చొరకుండా రబ్బరు వాషర్లు. సీల విరిగితే కడ్డీ ఒక పక్కకి వేలాడిపోతుంది. కూర్చున్నవాళ్ల ముందు ఇక గాలి తప్ప ఏమీ ఉండదు. మొన్న ఇద్దరు బడిపిల్లలు అలాగే ఒకళ్లనొకళ్లు వాటేసుకుని పై స్టేషను దాకా వెళ్లారు. ఆ కడ్డీని వాళ్ల ఒళ్లోకి దింపింది జాజ్‌గుల్ చేతులే. వచ్చిన కుర్చీని పట్టి ఆపి, జనాన్ని కూర్చోబెట్టి, కడ్డీ దింపడమే ఆమె పని. ఆ రోజు నుంచి ఆమెకి ముద్ద దిగడం లేదు. కళ్లు మూస్తే ఆ పిల్లల చోట తొట్టెలోని తన అయ్‌పేరి కనబడుతోంది.

బైకే చేయని ప్రయత్నం లేదు. సీలల ఇనుము మంచిది కాదేమోనని, ఎప్పుడూ విరగని కుర్చీ సీల ఊడదీసి విరిగే కుర్చీకి వేశాడు, దీనిది దానికి వేశాడు. మంచి సీల వచ్చి ఇక్కడ విరిగింది. చెడ్డ సీల అక్కడ హాయిగా ఉంది. "జబ్బు సీలది కాదు, ఆ కొంపదే," అన్నాడు. గాలేమో అనుకుంటే, విరిగే కుర్చీలు ఒక వరసన లేవు. చివరికి ఒక బందుని వేడినీళ్లతో విప్పి చూస్తే లోపల మంచుగడ్డ. నీళ్లు చొరబడి, చలికి గడ్డకట్టి, ఉబ్బి సీలని పిండేస్తున్నాయి. ఎలా చొరబడ్డాయి? రబ్బరు వాషరు లేదు. కొత్తది వేశాడు. నాలుగు రోజులు తిరక్కుండా అదీ మాయం.

"రబ్బరు తినే దొంగెవడే జాజ్‌గుల్? మీ అయ్‌పేరికి గానీ పళ్లొస్తున్నాయా?"

అప్పుడామె పకపకా నవ్వింది. అప్పటికి ఆమెకేమీ తెలియదు.

డైరెక్టరు తాలాంత్ మాత్రం నవ్వలేదు. వయసులో బైకే కొడుకులాంటివాడు కాబట్టి మర్యాద తప్పకుండానే పొడిచాడు.

"మీరు పెద్దవారు, మీకు చెప్పేటంత వాణ్ని కాను. కానీ బైకే, వాషరుకి కాళ్లొచ్చి నడిచిపోదు కదా. వేశాననుకుని మర్చిపోతున్నారేమో. మా నాన్న కూడా అంతే, టోపీ నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు."

"వేశాను తాలాంత్. నా చేత్తో వేశాను."

"ఆ చెయ్యే కదా బైకే, ఇప్పుడు వణుకుతోంది."

బైకే చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. జాజ్‌గుల్ తల తిప్పుకుంది.

ఆ మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆమె పిల్లకి పాలిస్తూ కిటికీలోంచి చూస్తోంది. లిఫ్టు కాసేపు ఆగి ఉంది. పసుపు ముక్కు కొండకాకి ఒకటి వచ్చి, దగ్గరున్న కుర్చీని వదిలేసి, దాని పక్క కుర్చీని వదిలేసి, మూడోదాని కడ్డీ మీద వాలింది. మెడ వంచి బందులో ముక్కు గుచ్చింది. గుంజింది. నల్లటి చిన్న చుట్ట ఒకటి ముక్కున వేలాడింది. కాకి దాన్ని కాలి కింద నొక్కి కాసేపు పొడిచి, పనికిరాదని మంచులోకి విసిరేసి, మళ్లీ బందులోకే ముక్కు పెట్టింది.

పాలు తాగుతున్న పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. తల్లి ఒళ్లు అంతగా బిగుసుకుపోయింది.

ఆ మూడో కుర్చీ ఏదో జాజ్‌గుల్‌కి తెలుసు. చలికాలం మొదట్లో కొన్ని కుర్చీల కడ్డీలు దింపినప్పుడల్లా కీచుమనేవి. గోడ అవతలే తొట్టె. కీచుమన్నప్పుడల్లా పిల్ల లేచి గుక్కపట్టేది. "బైకే మాట కాదనలేక పిల్లని తెచ్చుకోమన్నాను, ఏడుపు జనానికి వినబడితే మాత్రం ఊరుకోను, ఇది బాలవాడీ కాదు," అని తాలాంత్ ముందే చెప్పి ఉన్నాడు. గ్రీజు అడుగుదామంటే, నీ పిల్ల నిద్రకి లిఫ్టు ఆపాలా అంటారేమోనని నోరు రాలేదు. జేబులో పిల్ల బుగ్గలు పగలకుండా పూసే గొర్రెతోక కొవ్వు ఉంది. అత్తగారు దాన్నే గేటు బందుకి పూసేది, జీను తోలుకి పూసేది, మామగారి బూట్లకి పూసేది. ఇంట్లో దానితో బాగుపడని వస్తువు ఆమె చూడలేదు. కీచుమన్న ప్రతి బందుకీ వేలితో కొంచెం కొంచెం పూసింది. కుర్చీలు నోరు మూసుకున్నాయి. పిల్ల నిద్రపోయింది. కీచు ఆగిపోగానే, తొమ్మిదో తరగతితో బడి మానేసిన తనకి కూడా ఒక పని తెలిసిందని లోలోపల మురిసిపోయింది కూడా.

చలికాలం ఆకలికి మాడిపోయే కాకికి కొవ్వు వాసన తగిలితే వదులుతుందా?

ఆమె లేచి వెళ్లి చెప్పేద్దామనుకుంది. చెబితే పిల్లని తీసుకుపొమ్మంటారు. పిల్లని వదిలి వచ్చే దారి లేదు, అత్తగారికి నడుము విరిగి మంచం దిగదు. పని పోతుంది. సాయంత్రం చెబుదాం అనుకుంది. చెప్పేలోగా బైకే తనే వచ్చాడు. తలుపు దగ్గరే నిలబడి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఆ కుర్చీ వాషరు మళ్లీ లేదు. నిన్న నేను దాన్ని వేస్తున్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదూ. వేశాను కదా నేను? చూశావా?"

ఆమె చూసింది. ఆయన వాషరుని నోట్లో పెట్టి ఊపిరితో మెత్తబరచి, బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టడం పక్కన నిలబడి చూసింది.

"పిల్లకి పాలిస్తున్నాను బైకే," అంది. "చూడలేదు."

"ఊఁ." ఆయన తలూపాడు. "నేనే మర్చిపోయానేమో మరి."

ఆ మాట ఆయన ఎవరి మీదా నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అనుకుంటూ అన్నాడు. తన చేతులకేసి, ఎవరో పరాయివాళ్ల చేతుల్ని చూసినట్టు చూసుకుంటూ వెళ్లిపోయాడు. జాజ్‌గుల్‌కి ముఖం పొయ్యిలో పెట్టినట్టయింది. పిల్లని గుండెకి హత్తుకుంది గానీ, పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే పనివాళ్లంతా టీకి చేరినప్పుడు తాలాంత్ అన్నాడు, "అల్మాటీ పట్నం నుంచి కుర్ర మెకానిక్కుని పిలిపిస్తున్నాను. బైకే ఇక విశ్రాంతి తీసుకుంటారు. మనందరికీ పెద్దదిక్కుగా ఉంటారు."

బైకే వాదిస్తాడని అందరూ చూశారు. ఆయన రొట్టె తుంచి పక్కవాడికిచ్చి, "మంచిదే," అన్నాడు. "పిల్లలు ఎక్కే కుర్చీలు. నా మీద నాకే నమ్మకం లేనప్పుడు లిఫ్టు తాళాలు నా దగ్గరెందుకు?"

"బైకే తప్పు కాదు," అంది జాజ్‌గుల్. గొంతు సన్నగా వచ్చింది. ఎవరూ వినలేదు. ఇంకోసారి అంది. "బైకే వాషర్లు వేశారు. నేను చూశాను. కాకులు పీకేస్తున్నాయి."

"కాకులు రబ్బరు తింటాయా అక్కా?" గుమ్మం దగ్గర్నుంచి ఎవరో నవ్వారు.

"రబ్బరు కోసం కాదు. కొవ్వు కోసం. బందులకి తోక కొవ్వు పూశాను. నేనే."

తాలాంత్ నమ్మలేదు. "బైకే మీద అభిమానం మంచిదే చెల్లెమ్మా, కానీ—" అంటూ ఉండగానే ఆమె బయటికి నడిచి, ఒక బందులో వేలు పెట్టి, గీరి, తెల్లటి ముద్దని తెచ్చి అందరి ముందూ చాపింది. వాసన చూడక్కర్లేకుండానే అందరికీ తెలిసింది. గదంతా ఘొల్లున నవ్వింది.

"ఉల్లిపాయ కూడా వేసుంటే పలావు అయిపోయేది!"

"అందుకేరా నాకు ఆ కుర్చీ ఎక్కితే ఆకలేస్తోంది!"

ఆమె కాక నవ్వనివాళ్లు ఇద్దరే, బైకే, తాలాంత్. తాలాంత్ పళ్లు కొరికాడు. "ఆ బడిపిల్లలు పడుంటే ఏమయ్యేది? రేపట్నుంచి పిల్లని ఇంట్లో పెట్టి రా. కుదరకపోతే రాకు. బైకే, తాళాలు మీ దగ్గరే ఉంచుకోండి."

జాజ్‌గుల్ బైకే వైపు చూసింది. ఇన్నాళ్లూ ఆమె తరఫున మాట్లాడింది ఆయనే. పొయ్యి పక్కన తొట్టెకి చోటిప్పించింది ఆయనే. ఇప్పుడాయన తాళాల గుత్తి జేబులో వేసుకుని, కిరసనాయిలు డబ్బా, తీగ బ్రష్షు తీసుకుని లేచాడు.

ఇద్దరూ కలిసి బందులు కడిగారు. ఆమె కడ్డీ ఎత్తి పట్టుకుంటే ఆయన గీకాడు. పని మీంచి తలెత్తకుండా అడిగాడు.

"నేనడిగినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు బైకే."

"కొవ్వుదేముందే. మా అమ్మయినా అదే పూసేది. చెప్పుంటే నవ్వుకునేవాళ్లం." బ్రష్షు ఆగింది, మళ్లీ కదిలింది. "రాత్రంతా మంచం మీద కూచుని నా చేతులే చూసుకున్నాను."

ఆమె కడ్డీని ఇంకొంచెం పైకెత్తి పట్టుకుంది.

ఆయన కొత్త వాషరుని ఊపిరితో మెత్తబరచి, బొటనవేలితో నొక్కి కూర్చోబెట్టాడు. తర్వాతి కుర్చీకి నడిచాడు. సగం దారిలో ఆగి, వెనక్కొచ్చి, ఆ బందుని వేలితో తడిమాడు.

"ఉంది బైకే," అంది జాజ్‌గుల్. "వేశారు. నేను చూశాను."

ఆయన వినిపించుకున్నట్టే తలూపాడు. అయినా వంగి, మళ్లీ ఒకసారి తడిమి చూసుకున్నాడు.