దెబ్బలాటకి పట్టుకెళ్ళిన గెల

సత్తిరాజు కాకినాడలో కార్ల షోరూమువాళ్ళతో దెబ్బలాడడానికి చక్కెరకేళి గెల పట్టుకుని బయల్దేరాడు. పెళ్ళి కానీ పేచీ కానీ, ఒకరి గుమ్మంలోకి వట్టి చేతులతో వెళ్ళడం మురమళ్ళ ఊరి మనిషికి చేతకాదు. బస్సులో గెలని ఒళ్ళో పెట్టుకుని, అనబోయే మాటలన్నీ భార్య సత్యవాణికి వినిపించాడు. "మీరు మమ్మల్ని మోసం చేసేరండీ" అన్నదే వాటన్నిటిలోకీ ఘాటైన మాట.

"ఆ 'అండీ' తీసేస్తే బాగుంటుందేమోనండీ," అందామె.

తీసి చూశాడు. నోరు తిరగలేదు.

కువైట్‌లో ఓ షేకు ఇంట్లో ఏళ్ళ తరబడి డ్రైవరీ చేసి, ఆ సంపాదనంతా పోసి కొత్త కారు కొని టాక్సీ తిప్పుతున్నాడు. ఏడాది తిరక్కుండా ఇంజన్ పట్టేసింది. గ్యారంటీ ఉంది కాబట్టి కొత్త ఇంజన్ వాళ్ళే వెయ్యాలి. వెయ్యకపోతే మళ్ళీ కువైటే గతి. ఆ మాట పుట్టిన దగ్గర్నుంచీ సత్యవాణికి అన్నం సయించడం లేదు. అందుకే సాక్ష్యం చెబుతానని తనూ వెంటబడి వచ్చింది.

మేనేజరు ప్రభాకరరావు మర్యాదస్తుడు. గెలని చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీలు చూపించాడు, టీ తెప్పించాడు. దాంతో సత్తిరాజు కోపం సగం చల్లారిపోయింది. మిగతా సగాన్ని కూడగట్టుకునేలోపు మేనేజరే మొదలెట్టాడు.

"ఇంజన్ విప్పి చూశామండి. లోపలికి నీళ్ళెళ్ళి రాడ్డు వంగిపోయింది. వరద నీళ్ళలో గానీ నడిపేరా?"

"లేదండి. చినుకు పడితే షెడ్డులోంచి బయటికే తియ్యనండి. బురదంటితే నాకు అన్నం దిగదండి."

సత్తిరాజు నిజమే చెబుతున్నాననుకున్నాడు. సత్యవాణి కూడా అలాగే అనుకుని అందుకుంది.

"ఆయ్, నిజమేనండి. నన్నయినా ఏనాడూ అంత అపురూపంగా చూడలేదండి ఈయన. శుక్రవారం శుక్రవారం మా గేదెతో పాటు కాలవ రేవులోకి దింపుతారండి. లైట్లు మునిగేదాకా దింపి, గేదెని తోమిన పీచుతోనే తోముతారు. మళ్ళీ స్టార్ట్ చేసుకుని గట్టెక్కిస్తారండి."

టీ కప్పు ఎత్తబోతున్న మేనేజరు చెయ్యి ఆగిపోయింది.

సత్తిరాజుకి అప్పుడు వెలిగింది. ఎడ్లయినా, బండయినా, ట్రాక్టరయినా రేవులో దింపి కడగడమే పుట్టి బుద్ధెరిగి చూశాడు. అది కడగడం. నీళ్ళలో నడపడమంటే వరదలూ, లారీలు కొట్టుకుపోవడం, ఇంకేదో అనుకున్నాడు. ఎడారిలో షేకుగారి కారుని మెత్తటి గుడ్డతో తుడిచి వచ్చిన ఇంత పెద్ద డ్రైవరుకి నీళ్ళలో దింపితే ఇంజన్ గాలికి బదులు నీళ్ళు పీలుస్తుందని తెలియదా? తెలుసు, నిక్షేపంలా తెలుసు. గట్టుమీద జనం చూస్తుండగా కారుని నీళ్ళలోకి దింపే దర్జా ముందు ఆ తెలివి ఏ మూల నక్కిందో.

"ఏమండీ సత్తిరాజుగారూ, అమ్మగారు చెప్పింది నిజమేనంటారా?"

'ఆవిడకేం తెలుసండీ, ఏదో అంటుంది.' ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అనేస్తే పేచీ అయినా మిగిలేది. పక్కకి చూశాడు. సత్యవాణి మొహంలో నెత్తుటి చుక్క లేదు. నలుగురిలో ఆమెని అబద్ధాలకోరుని చెయ్యడానికి మనసొప్పలేదు.

"ఆయ్, నిజమేనండి," అన్నాడు.

"అయితే గ్యారంటీ వర్తించదండి. ఆ గెల పట్టుకెళ్ళిపోండి, తీసుకోవడానికి నాకు మొహం చెల్లడం లేదు."

"తెచ్చింది వెనక్కి పట్టుకెళ్తామాండీ? ఇంకా పచ్చివి, బాగా మగ్గేక తినండి."

అలా దెబ్బలాటకి వెళ్ళిన మొనగాడు ఇంజన్ పోగొట్టుకుని, పళ్ళు ఎప్పుడు తినాలో చెప్పి బయటపడ్డాడు.

తిరుగు బస్సు కొత్తగా కట్టిన యానాం వంతెన దాటింది.

"అంతా నా నోరేనండి," అంది సత్యవాణి.

"నీ నోరేం చేసింది? నా పీచు చేసింది."

కాసేపటికి ఆమె మళ్ళీ అడిగింది. "కువైట్‌లో కాలవలుంటాయాండీ?"

"ఉండవు."

"అయితే భయం లేదు. మళ్ళీ డ్రైవరీయే చూసుకోండి."

సత్తిరాజుకి నవ్వు ముంచుకొచ్చింది. బస్సులో జనం తిరిగి చూసేటంతగా నవ్వాడు. ఆమె కూడా నవ్వుతోందేమోనని పక్కకి చూస్తే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.